సొట్టగిన్నెలో కోడికైమా ఉండలు

మొన్న బుధవారం పొద్దుగూకే వేళకు మా ఓబులేసు ఎర్రగుంట్ల బస్టాండు నుంచి ఫోన్ చేశాడు. ఓబులేసు మా చిన్నాయన కొడుకు, కొండాపురం పక్కన పునరావాస కాలనీలో కాపురం. వాడి గొంతు వెనక లారీల హారన్లు ఎంత గట్టిగా మోగుతున్నాయంటే, మాట్లాడేది వాడా లారీనా అని కాసేపు తేల్చుకోలేకపోయాను. "అన్నా, ప్రొద్దుటూరికి వస్తాండా. నీకొక వస్తువు చూపియ్యాల. రాత్రికి బువ్వ మీ ఇంట్లోనే, వదినకు చెప్పు" అన్నాడు. వదిన ఉంటే కదా చెప్పడానికి. మా ఆమె ముందురోజే వాళ్ల చెల్లెలి మనవరాలిని తొట్లో వేస్తున్నారని సింహాద్రిపురం పోయింది. పోతూ పోతూ గ్యాసు పొయ్యి ఎటు తిప్పితే మండుతుందో, ఎటు తిప్పితే ఆరుతుందో నాకు పాఠం చెప్పి మరీ పోయింది. ఊరందరి పెళ్లిళ్లకూ మైకు సెట్టు పెట్టి, ఎవరి గొంతు ఎంత పెంచాలో, ఎవరిది ఎప్పుడు తగ్గించాలో చూసుకున్న మనిషిని నేను. అయినా ఇంట్లో ఒక్క మర తిప్పడం చేతకాదని ఆమె గట్టి నమ్మకం. తప్పు ఆమెది కాదు. నాకూ బడికీ ఆరో తరగతిలోనే మాట తేడా వచ్చింది. ఇద్దరిలో ఒకరు పోక తప్పలేదు. బడికి పునాదులున్నాయి గనుక నేనే పోయాను. అప్పటినుంచి ఎవరు నాకు ఏది చెప్పినా రెండుసార్లు చెబుతారు.

తమ్ముడు వస్తున్నాడు, ఇంట్లో ఆడదిక్కు లేదు, చేతిలో గంట సమయముంది. ఇలాంటప్పుడు నాకు తెలిసిన వంట ఒక్కటే: కోడికైమా ఉండలు. సందు మొదట్లో ఉన్న కోడి అంగడికి పోయాను. అంగడాయన నా మొహం చూడకుండానే అడిగాడు, "ఏం గావాల మామా? లెగ్గులా, బోన్‌లెస్సా, కైమానా?" నేను నవ్వాను. ఎందుకు నవ్వానో ఆయనకేం తెలుసు? ఆయన ముందర అద్దాల పెట్టెలో కోడికాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఎన్ని కోళ్లవో, ఏ ఊరివో! డబ్బులిస్తే అన్నీ కాళ్లే తూచి ఇస్తాడు. మా ఇంట్లో ఒకప్పుడు ఒక్క కోడికాలు కోసం సంసారం రెండుగా చీలబోయిందని చెబితే, ఆయన నాకు బిల్లు తగ్గించేవాడు కాదు గానీ, కూర్చోమని స్టూలు మాత్రం వేసేవాడు.

కైమా తెచ్చుకుని పని మొదలుపెట్టాను. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ సన్నగా తరిగి, నీళ్లు పిండేసి కైమాలో వేయాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, కొత్తిమీర, ఉప్పు, కాస్త ధనియాలపొడి, లవంగం చెక్క దంచిన పొడి. పిడికెడు పుట్నాలపప్పు మిక్సీలో తిప్పి ఆ పొడి కలిపితే ఉండ విడిపోకుండా నిలబడుతుంది. చేతికి నూనె రాసుకుని నిమ్మకాయంత ఉండలు చుట్టి, పెనం మీద కొంచెం నూనెలో దొర్లిస్తూ వేపుకోవడమే. ఉండల్ని వేపేటప్పుడు గంటెతో ఊరికే కదపకూడదు. కొత్తకోడల్ని పలకరించినట్టు అప్పుడప్పుడు ఒక్కొక్కదాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి వదిలేయాలి. నేను ఆ పలకరింపుల్లో ఉండగా ఓబులేసు వచ్చాడు. చంకలో గుడ్డసంచి. చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకే వచ్చి, పొయ్యి ముందర నన్ను చూసి నిలబడిపోయాడు.

"ఏందన్నా, వదిన యాడికి పోయింది? కొట్లాడినారా?"

"కొట్లాడింటే నేను పోయేటోన్ని రా, ఆమె యాడికి పోతాది! కూచో. ఏందో వస్తువన్నావు, ఏంది?"

వాడు సంచిలోంచి ఒక పాత సత్తుగిన్నె తీసి వంటబండ మీద పెట్టాడు. పెట్టగానే అది ఒక పక్కకు ఒరిగి, టకటకమని ఊగి, నిలబడింది. మా చిన్నమ్మ, అంటే వాళ్లమ్మ, పోయిన ఎండాకాలంలో కాలం చేసింది. అటక మీద సామాను దించుతుంటే, కొత్తచీరలో మూటగట్టిన ఈ గిన్నె దొరికిందట. "అన్నా, మాయమ్మ ఇత్తడి బిందెలు పాత సామాన్లోనికి ఏసింది. కంచు చెంబు ఏసింది. డ్యాము నీళ్లల్లో ఊరు మునిగిపోయేటప్పుడు తలుపులు గూడ ఊడబెరుక్కోని అమ్మింది. ఈ సొట్టగిన్నెను మాత్రం చీర చుట్టి దాచిపెట్టింది. ఏందిది? అడుగున ఈ సొట్ట ఏంది?" అన్నాడు. నేను గిన్నెను వంచి లోపలికి చూశాను. అడుగున, ఒక అంచుకు దగ్గరగా, బొటనవేలు పట్టేంత సొట్ట. పెనం మీద ఉండలు మాడు వాసన వచ్చేదాకా నేను దాన్ని చూస్తూనే ఉన్నాను.

"ఈ సొట్ట మా నాయన సుత్తిదెబ్బరా. ఉలి పట్టుకునింది మీ నాయన."

"గిన్నె మీద ఉలెందుకు?"

"ఉండలు పగలగొట్టడానికి."

వాడు నాకేసి, పెనం మీది ఉండలకేసి మార్చి మార్చి చూశాడు. అప్పుడు పొయ్యి ఆపి, స్టూలు లాక్కుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. వాడు మధ్యలో అడ్డం వచ్చిన మాటలు మాత్రం తీసేశాను. మైకు నాది కదా.

మేము అప్పట్లో జమ్మలమడుగులో ఉండేవాళ్లం. ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. నాయన, చిన్నాయన ఇద్దరూ బండలు కొట్టే పనికి పోయేవాళ్లు. చిన్నాయన రాతి మీద ఉలి నిలబెట్టి పట్టుకుంటే నాయన సుత్తితో కొట్టేవాడు. రోజంతా అదే పని. తమ్ముడి వేళ్ల మీద అన్నకు అంత గురి, అన్న చేతి మీద తమ్ముడికి అంత నమ్మకం. సాయంత్రం ఇద్దరూ తెల్లటి రాతిపొడిలో మునిగి ఇంటికి వస్తే, కనుబొమ్మలు కూడా నెరిసిపోయి మా జేజి కంటే ముసలోళ్లలాగా కనబడేవాళ్లు. జేజి అంటే నాయనవాళ్ల అమ్మ. ఇంటికి ఆమే పెద్ద. గరిటె ఆమె చేతిలోనే. ఆమె నడుము దగ్గర ఎప్పుడూ నల్ల నశ్యం వాసన వచ్చేది, చేతుల దగ్గర ఎప్పుడూ బెల్లం వాసన వచ్చేది. బొరుగు ఉండలు చేయడంలో మా వీధిలో ఆమెను మించినవాళ్లు లేరు. పాకం సుక్క నీళ్ల గిన్నెలో వేసి, చల్లారిన ఆ ముద్దను తీసి ఇత్తడి తట్టకేసి కొడితే టంగుమనాలి. ఆ టంగుమనే శబ్దం మా వీధి పిల్లలకు బడిగంట కంటే బాగా తెలుసు. నాకైతే చెప్పనే అక్కర్లేదు.

ఇంట్లో కోడి ఎప్పుడోగాని కోసేవాళ్లు కాదు. కోసినరోజు జేజి ముక్కల్ని పంచేది. ఆ పంపకానికి ఒక లెక్క ఉండేది, ఆ లెక్క ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తప్పిన వాళ్లు మాత్రం లేరు. రెండు కాళ్లలో ఒకటి నాయనకు, ఒకటి చిన్నాయనకు. కందనకాయ, కార్జం పిల్లలకు. మెడ, వీపు, రెక్కల మొనలు, పులుసు ఆడవాళ్లకు. అదీ మగవాళ్లు తిని లేచిన తర్వాత. అప్పట్లో మా ఇళ్లల్లో పెళ్లాం మొగుడు తిన్న కంచంలోనే తినేది. మొగుడు లేచిపోతే ఆమె ఆ కంచం ముందు కూర్చునేది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇంతవరకు బండి సాఫీగానే నడిచింది. చిక్కంతా పులివెందులలో ఉండే మామతో వచ్చింది. మామ అంటే మా మేనత్త మొగుడు, ఇంటికి అల్లుడు. అల్లుడు వస్తే కాలు అల్లుడిది. అందులో రెండోమాట లేదు. కాబట్టి మామ వచ్చిన రోజు మా కోడికి రెండు కాళ్లు, కాళ్ల మనుషులు ముగ్గురు.

"జేజీ, మేకపోతును కోద్దాం, నాలుగు కాళ్లుంటాయి" అని నేను ఒకసారి సలహా ఇచ్చాను. నెత్తి మీద మొట్టికాయ పడింది. మంచి సలహాలకు మా ఇంట్లో కూలి అదే.

అట్లా ఒక ఆదివారం అత్తను పుట్టింట్లో నాలుగు రోజులు ఉంచుదామని మామ తీసుకొచ్చాడు. కోడి కోశారు. ముగ్గురు మగవాళ్లు వరసగా కూర్చున్నారు. జేజి ఒక కాలు మామ కంచంలో వేసింది, ఒక కాలు నాయన కంచంలో వేసింది, చిన్నాయన కంచంలో రెక్క వేసి, సంగటి ముద్ద కొంచెం పెద్దది పెట్టింది, సరిపుచ్చుకుంటాడులే అని. చిన్నాయన ఆ రెక్కను రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తి చూశాడు.

"అమ్మా, నేనేమన్నా పిట్టనా? రెక్క తిని యాడికెగరాల?"

మామ ఎత్తిన ముద్దను మళ్లీ కంచంలో పెట్టాడు. నాయన అప్పటికే తన కాలు ఒక కొరుకు కొరికాడు. పాపం, మంచికే, దాన్ని తమ్ముడి కేసి చాపాడు. "ఇందారా, నువ్వే తిను."

"కొరికింది నాకెందుకన్నా, నేను బిచ్చానికి వచ్చినానా?" అని చిన్నాయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. అన్నం ముందు నుంచి లేవడమంటే మా ఇళ్లల్లో చిన్నమాట కాదు. ఆ రాత్రి ఎవరూ సరిగా తినలేదు, నేను తప్ప. పొద్దున లేచి చూస్తే పెరట్లో గోడవార మూడు రాళ్లు. చక్కగా చెక్కిన రాళ్లు, పొయ్యికి సరిపోయేలా. కోపంలో కూడా పని శుభ్రంగా చేసే మనిషి చిన్నాయన. "వచ్చే వారం నుంచి మా పొయ్యి మాది" అన్నాడు. చిన్నమ్మ తల దించుకుని నిలబడింది. ఆమెకు అప్పుడు మూడో నెల. మా అమ్మ ఏదో అనబోతే ఆమె గబుక్కున లోపలికి పోయింది. ఆ రోజు నుంచి తోడికోడళ్ల మధ్య మాటలు లేవు. అన్నదమ్ముల మధ్య అసలే లేవు. అయినా ఇద్దరూ పనికి కలిసే పోయేవాళ్లు, ఇద్దరికీ కలిపి ఒకటే సుత్తి, ఒకటే ఉలి. మాట లేని అన్న సుత్తి ఎత్తితే, మాట లేని తమ్ముడు ఉలి పట్టుకుని కూర్చునేవాడు. ఆ వారం చిన్నాయన వేళ్లకు ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. నాయనకు ఎంత కోపమున్నా గురి ఉంది.

జేజి రెండు రోజులు నోరు తెరవలేదు. మూడోరోజు పక్కింటి ఖైరున్‌బీ దగ్గర ఏడ్చింది. పొయ్యి వేరైతే గింజలు వేరు, వాకిలి వేరు, ముసలిదాని బువ్వ నెల వంతు. ఒక నెల పెద్దోడింట్లో, ఒక నెల చిన్నోడింట్లో. "నన్ను గూడ కోడి మాదిరి పంచుకుంటారు బీబమ్మా. కాలొకనికి, రెక్కొకనికి" అంది. ఖైరున్‌బీ మొగుడు కువైట్‌లో ఉండేవాడు, ఆమె మామది ఒకప్పుడు పొట్టేలు మాంసం అంగడి. ఆమె పండుగలకు కైమా ఉండలు చేసి మాకు పంపేది. ఆ రోజు ఆమె ఊరికే ఓదార్పుకు అంది, "కైమా కొడితే యాడిది కాలు, యాడిది మెడ పెద్దమ్మా? అంతా ఒకటే." జేజి ఏడుపు అక్కడికక్కడ ఆగిపోయింది. "కోడిని కొట్టొచ్చునా?" అని అడిగింది. ఖైరున్‌బీ నవ్వింది. "కోడిని కైమా కొడతారా ఎవరన్నా? పిడికెడు గూడ కాదు. వీధిలో నవ్వుతారు." జేజి కొంగుతో మొహం తుడుచుకుని, "నవ్వనీ. పొయ్యి ఒకటైతే సాలు. నీ మొద్దు, రెండు కత్తులు ఆదివారం నాకియ్యి" అంది.

మామ అత్తను తీసుకుపోవడానికి వచ్చేది ఆ ఆదివారమే. చిన్నాయన పెట్టిన గడువూ అదే. కైమాకు ఒకటి చాలదని పొద్దున్నే రెండు కోళ్లు తెగాయి. ఆ రోజుకు నాలుగు కాళ్లున్నాయి గానీ, ఎప్పుడూ రెండేసి కోళ్లు కోసే ఇల్లు కాదు మాది. జేజి ఎముకలన్నీ తీసి పులుసులో పడేసింది, ఏ ఎముక ఏదో దేవుడికి కూడా తెలియకుండా. మాంసమంతా ఖైరున్‌బీ మొద్దు మీద కుప్ప పోసింది. చింతమొద్దు, మధ్యలో పళ్లెంలా అరిగిపోయి ఉంది. "కూచోండి ఇద్దరూ" అని కోడళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతికొక కత్తి ఇచ్చింది. ఒకే మొద్దు మీద ఇద్దరు కొట్టాలంటే ఒక పద్ధతి ఉంది. ఒకరి కత్తి దిగేటప్పుడు ఇంకొకరి కత్తి లేవాలి. మాటల్లేని మనుషులకు అది కుదరలేదు. మొదట రెండు కత్తులు ఖణేలుమని గుద్దుకున్నాయి. మళ్లీ గుద్దుకున్నాయి. అమ్మ పళ్లు కొరికింది, చిన్నమ్మ మూతి తిప్పింది. ఇంతలో అమ్మ వేలు కత్తి కిందికి వచ్చింది.

"అక్కా, ఏలు! ఏలు సూస్కో!" అని చిన్నమ్మ అరిచింది.

"నువ్వు నిదానంగా కొట్టవే తల్లీ, కోడి ఎప్పుడో సచ్చిపోయిండాది!" అంది అమ్మ.

ఇద్దరూ ఒక్క క్షణం ఆగి, ఒకరినొకరు చూసుకుని, కిసుక్కున నవ్వారు. తర్వాత టకటక, టకటక. గుర్రబ్బండి పోతున్నట్టు ఆ శబ్దం మధ్యాహ్నం దాకా సాగింది. జేజి అరుగు మీద కూర్చుని నశ్యం పీలుస్తూ ఏమీ ఎరగనట్టు బొరుగులు చెరిగింది.

ఉండలు చుట్టి వేపారు. వేపినవి చూస్తే జేజికి మనసొప్పలేదు. పొట్టేలు కైమాలాగ నిగనిగ లేదు. తెల్లగా, పొడిగా, ఉతికి ఆరేసిన బనీన్ల రంగులో ఉన్నాయి. "అల్లుని ముందర పెట్టేది మెరవద్దా?" అంది. మెరవాలంటే ఆమెకు తెలిసింది ఒకటే. ఈ సత్తుగిన్నె పొయ్యి మీదికెక్కింది. చింతపండు పులుసు, దంచిన ఎండుమిరపకాయల ముద్ద, వెల్లుల్లి, అందులో బెల్లం. తీపి, పులుపు, కారం కలిసిన ఆ వాసన వీధి చివరిదాకా పోయిందని తర్వాత చెప్పుకున్నారు. అక్కడ ఆపింటే సరిపోయేది. కానీ గరిటె పట్టింది బొరుగు ఉండల చేయి. బెల్లం ఉడుకుతుంటే ఆ చేయి తన దారిన తాను పోయింది. సుక్క నీళ్లలో వేసింది, ముద్ద తీసింది, తట్టకేసి కొట్టింది. టంగ్! "ఆఁ, ఇప్పుడొచ్చింది" అని సంతోషంగా కైమా ఉండలన్నీ అందులో వేసి తిప్పి దించింది. అద్దంలాగా మెరిసిపోయాయి. నా మొహం కూడా కనబడింది.

పులివెందుల బస్సు ఆలస్యమైంది. మామ వచ్చి, కాళ్లు కడుక్కుని, మగవాళ్లు ముగ్గురూ కంచాల ముందు కూర్చునేసరికి గిన్నె చల్లారిపోయింది. జేజి గరిటె దించింది. గరిటె దిగలేదు. ఇంకొంచెం బలంగా దించింది. గరిటె కాడ వంగింది. గిన్నెలో ఉండలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని, గిన్నెను పట్టుకుని, ఒకటే బండ అయిపోయాయి. మామ ఖాళీ కంచం ముందు మర్యాదగా పైకప్పు వైపు చూశాడు. చిన్నాయన మూతి బిగించాడు. జేజి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మూడు రాళ్లు పెరట్లో కాచుకుని ఉన్నాయని అందరికీ తెలుసు.

నాయన గిన్నెను తీసుకున్నాడు. వంచి చూశాడు, గోరుతో తట్టి చూశాడు. రాయిని చూసే చూపే అది. "ఉలి తేరా" అన్నాడు, ఎవరి పేరూ పెట్టకుండా. వారం రోజుల్లో అది మొదటిమాట. చిన్నాయన లేచి ఉలి, సుత్తి తెచ్చి కడిగాడు. గిన్నెను రోటి మీద పెట్టి, రెండు ఉండల మధ్య సందు చూసి ఉలి నిలబెట్టాడు. "కొంచెం ఏటవాలుగా పట్టు" అని నాయన. "నాకు తెలుసులే కొట్టన్నా" అని చిన్నాయన. ఒక పోటుకు ఒక ఉండ ఎగిరి మామ ఒళ్లో పడింది. రెండో పోటుకు ఉలి జారి అడుగు దాకా పోయింది. అదే ఈ సొట్ట. "పనోల్లంటే మీరే, ఇంకొంచెముంటే జమ్మలమడుగు బండ మాదిరి నాలుగు పలకలు తీస్తారు" అన్నాడు మామ, ఒళ్లో ఉండను కొరుకుతూ. నేను నవ్వాను, నాయన నవ్వాడు, నవ్వాపుకోలేక చిన్నాయన చేతిలో ఉలి వణికింది. అప్పుడు తలుపు చాటు నుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది.

"సుత్తెందుకత్తా? గంటెడు వేడినీళ్లు పోసి, మూతపెట్టి పొయ్యి మీద పెడితే అదే కరుగుతాది."

అంతే. పెట్టారు, కరిగింది. బండలాంటి పాకం చిక్కటి ఎర్రటి రసమై ఉండల్ని చుట్టుకుంది. ఒక్కొక్కటి గంటెలోంచి జారుతుంటే చింతపండు బెల్లం తళతళ. జేజి ముగ్గురి కంచాల్లో సమానంగా వేసింది. కాలు అడిగేవాడు లేడు, రెక్క అనేవాడు లేడు. ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. అందరూ తింటున్నారు. చిన్నాయన మాత్రం ఒకటి తిన్నాడు, చేత్తో సంగటి ముద్దను అటూ ఇటూ కదిపాడు, "కడుపు నిండింది" అని లేచాడు. రోజంతా బండలు మోసే మనిషికి ఒక్క ఉండకే కడుపు నిండడమా? నా కళ్లు ఊరుకుంటాయా? నేను చూశాను, నా నోరు కూడా ఊరుకోలేదు.

"జేజీ, జేజీ, చిన్నాయన ఉండలన్నీ సంగటి కింద దాచినాడు!"

చిన్నాయన మొహం ఎర్రబడి, చేయి కడుక్కునే వంకతో పెరట్లోకి పారిపోయాడు. జేజి వచ్చి ఆ కంచం ముందు వంగి, సంగటి ముద్దను వేలితో లేపి చూసింది. కింద ఉండలు వెచ్చగా, మెరుస్తూ ఉన్నాయి. ఆ కంచంలో తర్వాత కూర్చోబోయేది ఎవరో ఆమెకు తెలుసు. తలుపు చాటున ఉన్న చిన్నమ్మను చూసింది. కడుపుతో ఉన్నవాళ్లకు ఏమేమి తినాలనిపిస్తుందో, అది ఎవరినీ అడగలేక ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అంతకుముందు కూడా చిన్నాయన ప్రతిసారీ తన కాలు పైపైన కొరికినట్టు చేసి సంగటి కింద పెట్టి లేచేవాడు. రెక్కను దాచితే ఏం మిగులుతుంది, ఎముకలు తప్ప? పెళ్లానికి కాలు కావాలని అందరి ముందర నోరు తెరిచి అడిగే మగవాడు అప్పటికి మా వీధిలో పుట్టలేదు.

"ఒరే పిచ్చోడా, అందుకా నీకు కాలు గావాల్సొచ్చింది! నోటితో చెప్పుంటే నా పాలు గూడ పెట్టుందును గదరా!" అని జేజి పెరటి వైపు చూసి అరిచింది. అరిచి, మొట్టమొదటిసారి ఆడవాళ్లకు కూడా వేరే కంచాలు పెట్టి, మగవాళ్లు ఇంకా తింటుండగానే వడ్డించింది. తనూ ఒకటి వేసుకుంది. చాలాసేపు నమిలింది. "కోడి ఇట్లుంటాదా!" అంది మెల్లగా. ఆమె అంతవరకు మెడ తప్ప తినలేదని నాకు అప్పుడు తట్టలేదు, ఇంత వయసొచ్చాక తట్టింది. పెరట్లోంచి చిన్నాయన గొంతు వచ్చింది. "అమ్మా, ఈ మూడు రాళ్లను ఏం జేద్దాం?" జేజి నోట్లో ముద్దతోనే చెప్పింది, "నీళ్లపొయ్యికి పెట్టు. పొద్దున్నే మీ బావకు నీళ్లు కాగాల." అవి నీళ్లపొయ్యిగానే అరిగిపోయాయి.

తర్వాత చాలా ఏళ్లకు పని కోసం చిన్నాయన కొండాపురం వైపు పోయాడు. కోపంతో కాదు, బస్సెక్కేటప్పుడు అందరూ ఏడ్చి మరీ పంపారు. పోయేటప్పుడు జేజి ఈ గిన్నెను చిన్నమ్మ చేతికిచ్చింది. "సొట్టది నాకేలత్తా, మంచిది ఇయ్యరాదా?" అని చిన్నమ్మ అడిగితే, "సొట్టదని గదమ్మే నీకిస్తాండేది" అంది. ఆమెకు అర్థమయింది. లేకపోతే చీర చుట్టి దాస్తుందా?

కథ అయిపోయేసరికి ఓబులేసు గిన్నెను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. "అయితే ఆ ఉండలు మాయమ్మ తినింది నా కోసరమా?" అన్నాడు. "నువ్వే తిన్నావురా లోపల కూచోని. సాక్ష్యానికి మాత్రం పనికిరావు" అన్నాను. వాడు ముక్కు ఎగబీల్చి, గిన్నె కడిగి పొయ్యి మీద పెట్టాడు. సొట్ట వల్ల అది గ్యాసుపొయ్యి మీద ఒక పక్కకు ఒరిగింది. వాడు గుడ్డతో అంచు పట్టుకుంటే నేను పాకం తిప్పాను. చింతపండు రసం, బెల్లం, మిరపముద్ద, వెల్లుల్లి. గంటె వెనక వేలితో గీస్తే గీత నిలబడాలి, అంతకు మించి పోకూడదు, అదొక్కటే జాగ్రత్త. మాటల్లో పడి ఒక పొంగు ఎక్కువే పోనిచ్చాను. ఉండలు వేసి తిప్పి, సంగటి చేసే ఓపిక లేక అన్నంతోనే తిన్నాం. పిల్లలతో వీడియోలో మాట్లాడుతూ, ఫోను కంచం పక్కన పెట్టుకుని. ఇప్పుడు కాలు కోసం ఎవరూ లేవరు. ఒకే వేళకు కూర్చుంటే కదా లేవడానికి! మా మనవడికి ఎముక కనబడితే కోపం, మనవరాలికి కారం కనబడితే కోపం, ఎవరి వేళకు వాళ్లు ఎవరి డబ్బా వాళ్లు తెప్పించుకుంటారు. అప్పుడే బాగుండేదని నేననను. అందరికీ కలిపి ఒక కోడి అంటే ఏమిటో తిన్నవాళ్లకే తెలుసు. కానీ ఒక మనిషి సంగటి కింద ఏం దాచాడో చూసే కళ్లు ఇప్పుడు కంచం మీద లేవు, ఫోను మీద ఉన్నాయి.

గిన్నె నీ దగ్గర ఉంచుకో అని వాడు, కాదు నీదే అని నేను. పొద్దున బస్సెక్కేటప్పుడు మిగిలిన ఉండలు దాంట్లోనే పెట్టి, మూతేసి, వాళ్లావిడకు ఇవ్వమని పంపాను. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"అన్నా, అన్నీ గిన్నెకు కరుసుకోని పోయినాయి. మా ఆమె అట్లకాడ ఇరగ్గొట్టింది. ఏం జేసేది?"

"గంటెడు వేడినీళ్లు పోసి మూతపెట్టి గమ్మునుండరా. మీయమ్మ మాటది."

అవతల ఫోను పక్కన పెట్టి వాడు ఏదో వెతుకుతున్నాడు. సామాను కదిలించిన చప్పుడు, వాళ్లావిడ ఏదో వద్దంటున్న గొంతు. "పోస్తాలే గానీ అన్నా, ముందు ఒక్క పోటు కొడతా. మా నాయనోల్ల సొట్ట ఒకటుండాది, మనది గూడ ఒకటుండద్దా?" అన్నాడు.

నేను వద్దనేలోపే ఫోనులో వినిపించింది. టంగ్! సరిగ్గా జేజి పాకం శబ్దమే.